విదేశీ ప్రొఫెసర్‌ను మన యూనివర్సిటీకి పిలవాలంటే?

ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీకి విదేశీ ప్రొఫెసర్‌ను కొన్ని వారాలు రప్పించాలంటే ఎవరు మొదలుపెట్టాలని అడిగారు. చాలా పథకాల్లో పిలిచేవాళ్లే. అమెరికా ప్రభుత్వం నడిపే ఫుల్‌బ్రైట్ స్పెషలిస్ట్ పథకాన్నే చూడండి: అమెరికా నిపుణులు 2 నుంచి 6 వారాలు వస్తారు. విమాన ఖర్చు, గౌరవ వేతనం పథకానివి. ఇక్కడి బస, భోజనం, ప్రయాణాలు మనం చూసుకోవాలి.

ప్రతిపాదనలో పెద్ద పేరు కన్నా పని ముఖ్యం. "ఉపన్యాసాలిస్తారు" అంటే చాలదు. భాషాశాస్త్రవేత్త అయితే, సవర భాష మీద పరిశోధన చేసే మన పిల్లలతో కూర్చుని ఏ వారం ఏం చేస్తారో రాయండి. నా దృష్టిలో దరఖాస్తుకు ప్రాణం అదే.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. విదేశీ అతిథి గెస్ట్‌హౌస్‌లో దిగిన 24 గంటల్లో గెస్ట్‌హౌస్ వాళ్లు ఆ అతిథి వివరాలను ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి (ఇదివరకు ఈ పత్రాన్ని ఫారం-సి అనేవారు). రైల్లో వస్తుంటే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు ఎవరినైనా పంపండి.