రీస్టార్ట్ చేస్తే పిల్లల ప్రోగ్రాములు పోతున్నాయంటే

సర్, మీ పెన్‌డ్రైవ్ పాడవలేదు. ల్యాబ్‌లో దాన్నుంచి లినక్స్ మింట్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) బాగానే బూట్ అవుతోంది, పిల్లలు పైథాన్ రాసి సేవ్ చేస్తున్నారు, మర్నాడు చూస్తే ఏమీ ఉండట్లేదు అన్నారు కదా, లైవ్ సిస్టమ్ (కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) అంటే అంతే, రాసిందంతా ర్యామ్‌లో ఉంటుంది, ఆపేయగానే పోతుంది.

పెన్‌డ్రైవ్‌ను బూట్ అయ్యేలా తయారు చేసే రూఫస్ ప్రోగ్రామ్‌లో మింట్ ఐఎస్ఓ (డౌన్‌లోడ్ చేసిన సిస్టమ్ ఫైల్) ఎంచుకున్నాక 'పర్సిస్టెంట్ పార్టిషన్ సైజ్' అని ఒక స్లయిడర్ వస్తుంది, సేవ్ చేసినవి నిలిచి ఉండే చోటు ఎంతో చెప్పేది అదే, అది సున్నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. 16 జీబీ పెన్‌డ్రైవ్ అయితే దాన్ని 8 జీబీ దాకా జరిపి మళ్లీ రాయండి. మధ్యలో ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే ఐఎస్ఓ అనే చెప్పాలి, డీడీ అంటే ఐఎస్ఓని ఉన్నదున్నట్టే రాసేస్తుంది, ఈ పనంతా వృథా. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే కాపీ తీసుకోండి.

ల్యాబ్‌లోని ముప్ఫై పెన్‌డ్రైవ్‌లూ ఒకేసారి చేయకండి. ఒకటి చేసి, డెస్క్‌టాప్ మీద ఉత్త ఫైలొకటి పెట్టి, రీస్టార్ట్ చేసి, అది అక్కడే ఉందా చూడండి. ఉంటే అందులోనే థోనీ (పిల్లలు పైథాన్ రాసుకునే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసి, ఆ పెన్‌డ్రైవ్ ఇమేజ్ (మొత్తం పెన్‌డ్రైవ్‌కి నకలు ఫైల్) తీసి మిగతావాటిలోకి దించండి. 16 జీబీ అని రాసి ఉన్నా అన్ని కంపెనీలవీ సరిగ్గా ఒకే సైజు ఉండవు, అన్నిటికంటే చిన్నదాన్నే మొదట తయారు చేయండి, లేకపోతే చివర్లో 'స్థలం చాలదు' అంటుంది (నాకు ఓ ఆదివారం మొత్తం ఇలాగే పోయింది).

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనబడట్లేదని మీరు చెప్పిన రెండు సిస్టమ్స్‌లో బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ చేయగానే వెళ్లగలిగే సెట్టింగ్స్) వెళ్లి ఫాస్ట్ బూట్ ఆపి చూడండి.

ఇంకోటి, బెల్లు కొట్టగానే పిల్లలు పెన్‌డ్రైవ్ పీకేస్తారు. షట్‌డౌన్ పూర్తయ్యాకే తీయమనండి.