పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కొనేముందు ఏమేం పరిశీలించాలి?

మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటి బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ ఒకటి సేకరణ కోసం కొనదలచుకున్నానని, అమ్మే వ్యక్తి ‘నంబర్లన్నీ కలిశాయి, మా తాతగారు యుద్ధంలో వాడినది’ అంటూ మామూలు ధర కంటే బాగా ఎక్కువ అడుగుతున్నాడని, ఆ మాటల్లో నిజమెంతో ఎలా తేల్చుకోవాలో, ఇలాంటివి అసలు ఎక్కడ వెతకాలో చెప్పమని అడిగారు. చాలా ఏళ్లుగా ఈ ఒక్క రకం రైఫిళ్లనే సేకరిస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. తాతగారి కథకు ధర కట్టకండి. ఆ సైనికుడి పేరూ రైఫిల్ నంబరూ రెండూ కనిపించే పాత కాగితం ఏదైనా చేతికి వస్తే అది వేరే సంగతి. అది లేనంతవరకు రైఫిల్ మీది ముద్రలు, అంకెలు, చెక్క ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా అన్నదాన్ని బట్టే మీరు డబ్బు పెట్టాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. బేరం మొదలుపెట్టకముందే మీరున్న చోటి లైసెన్సు నిబంధనలు చదువుకోండి, ముఖ్యంగా ‘పురాతన ఆయుధం’ అనే మినహాయింపును అమ్మకందారు చెప్పినట్టుగా నమ్మకండి. ఉదాహరణకు అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవాటినే పురాతన ఆయుధాలుగా పరిగణిస్తారు. 1916 నాటి రైఫిల్‌కు వందేళ్లు దాటినా అక్కడ అది మామూలు తుపాకి కిందే లెక్క. కొన్ని దేశాల్లో పేల్చడానికి వీలులేకుండా చేసిన రైఫిళ్లు సులువుగా దొరుకుతాయి గానీ, వాటిలో గొట్టాన్ని మూసేసి, బోల్ట్‌ను (తూటాను గొట్టంలోకి నెట్టి వెనుక నుంచి మూసే ఉక్కు కడ్డీని) కోసేసి ఉంటారు. గోడకు తగిలించుకోవడానికి అవి చాలు. లోపలి భాగాలను చదవడంలోనే ఆనందం ఉన్న సేకర్తకు మాత్రం అవి అసంతృప్తినే మిగులుస్తాయి.

మీరు చెబుతున్న రైఫిల్ షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్, అంటే సేకర్తలు ఎస్.ఎం.ఎల్.ఇ. అని పిలుచుకునేది. దీని మార్క్ 3 రూపం 1907లో వచ్చింది. యుద్ధం ముదిరి ఉత్పత్తి వేగం పెంచవలసి వచ్చినప్పుడు కొన్ని భాగాలను తీసేసి సులభం చేసిన రూపం 1916 ప్రాంతంలో వచ్చింది. దానికి రోమన్ అంకె మూడు పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. మ్యాగజైన్‌లోని తూటాలను కదలకుండా ఆపే కటాఫ్ పలక, చాలా దూరానికి సామూహికంగా కాల్చడానికి ఎడమవైపు అమర్చిన వాలీ సైట్లు (సైట్ అంటే గురిచూసే భాగం), వెనుక సైట్‌ను పక్కలకు జరిపే మర ఈ రూపంలో ఉండవు. సైన్యం తరువాతి మరమ్మతుల్లో పాత మార్క్ 3ల నుంచి కూడా వాలీ సైట్లను తొలగించింది. అందువల్ల అన్ని భాగాలూ చెక్కుచెదరకుండా ఉన్న మార్క్ 3 కనిపిస్తే సంతోషించే ముందు ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఆ భాగాలకు ఈ మధ్య తయారైన నకళ్లు మార్కెట్లో ఉన్నాయి. మిగతా లోహమంతా గోధుమరంగులోకి తిరిగి ఉండి, ఒక్క వాలీ సైట్ పలక మాత్రం గుండ్రని అంచులతో నల్లగా మెరుస్తుంటే అది ఎప్పటిదో వేరే చెప్పనక్కరలేదు.

ముద్రలను చదవడం బట్ సాకెట్‌తో మొదలుపెట్టండి. బోల్ట్ పిడి కిందికి వాలే చోట, భుజానికి ఆనించే మడమ చెక్క వచ్చి దిగే ఉక్కు భాగం అది. దాని కుడివైపు కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, తయారీదారు పేరు, సంవత్సరం, నమూనా పేరు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం, బీ.ఎస్.ఏ. (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్), ఎల్.ఎస్.ఏ. (లండన్ స్మాల్ ఆర్మ్స్), ఆస్ట్రేలియాలోని లిత్‌గో, భారతదేశంలోని ఇషాపూర్ ఈ రైఫిల్ తయారుచేసిన పేర్లలో ముఖ్యమైనవి. రాజు అక్షరాలూ సంవత్సరమూ కలిసి రావాలి. 1910 వరకు ఎడ్వర్డ్‌వి, ఆ తరువాత జార్జ్‌వి కనిపించాలి. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయింది. ఆమె అక్షరాల కింద 1906 అనో 1912 అనో సంవత్సరం ఉంటే అది ఖైబర్ కనుమ ప్రాంతంలో చేత్తో చేసిన నకలు అయి ఉండే అవకాశమే ఎక్కువ. అలాంటివాటిలో అక్షరాలు వంకరగా, కొన్ని తిరగబడి కూడా కనిపిస్తాయి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అంతకుముందున్న పొడవాటి లీ-ఎన్‌ఫీల్డ్‌లను సైన్యమే పొట్టి నమూనాలోకి మార్పించింది. వాటి మీద రాణి అక్షరాలు, అప్పటి పాత సంవత్సరం న్యాయంగానే ఉంటాయి, వాటితోపాటు మార్చినట్టు తెలిపే ముద్ర కూడా ఉంటుంది. ఖైబర్ నకళ్లను వింత వస్తువులుగా సేకరించేవారు ఉన్నారు, అందులో తప్పు లేదు. వాటితో కాల్చే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు, అంటే ‘నంబర్లన్నీ కలిశాయి’ అనే మాటకు వద్దాం. ఈ మాట అన్నవారిని నేను వెంటనే ‘ఏయే నంబర్లు?’ అని అడుగుతాను. చాలామంది రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు చట్రం) మీది నంబరు, బోల్ట్ పిడి వెనుక నంబరు చూసి ఆగిపోతారు. ఎస్.ఎం.ఎల్.ఇ.లో ఇవి కాక గొట్టం మీద, వెనుక సైట్ పలక అడుగున, గొట్టం మూతి దగ్గరి లోహపు తొడుగైన నోజ్ క్యాప్ మీద, గొట్టం కింద పొడవునా ఉండే ఫోర్ఎండ్ చెక్క ముందు భాగం అడుగున కూడా అదే నంబరు కొట్టేవారు. ఆరూ కలిసిన రైఫిల్ అరుదు. నాలుగు కలిస్తే నా లెక్కలో అది మంచి రైఫిలే. నోజ్ క్యాప్ దెబ్బతింటే ఆయుధాలు మరమ్మతు చేసే సైన్యపు ఆర్మరర్ ఇంకో రైఫిల్‌ది తెచ్చి బిగించేవాడు, పాత నంబరు మీద ఒక గీత కొట్టి పక్కన కొత్త నంబరు వేసేవాడు. గొట్టం మీద విడిగా ఉండే తేదీ రిసీవర్ సంవత్సరం కంటే చాలా తరువాతిదైతే గొట్టం మార్చారని అర్థం. ఇవన్నీ రైఫిల్ సేవాకాలంలో భాగమే, వీటిని లోపాలుగా చూపి బేరమాడవచ్చు గానీ చూసి భయపడనక్కరలేదు.

భయపడవలసింది ఇటీవల కలిపిన నంబర్లను చూసి. ఒక ఆయుధ ప్రదర్శనలో నేను చేతిలోకి తీసుకున్న 1917 నాటి రైఫిల్ మొదటి చూపుకు చాలా బాగుంది, బోల్ట్ నంబరూ రిసీవర్ నంబరూ అక్షరాలా ఒకటే. బోల్ట్ పిడి వెనుక భాగాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూస్తే నంబరు ఉన్న చోట లోహం చుట్టుపక్కల కంటే కొద్దిగా పల్లంగా, సన్నటి ఆకురాయి గీతలతో కనిపించింది. రిసీవర్ మీద నాలుగు అంకె పైన తెరుచుకుని ఉంటే బోల్ట్ మీది నాలుగు మూసుకుని ఉంది. అంకెల అంచుల చుట్టూ ఉక్కు చిన్న గట్టులా ఉబ్బి వేలికి గరుకుగా తగిలింది. నూరేళ్లు చేతులు మారిన వస్తువు మీద ఆ గట్టు అరిగిపోయి ఉండాలి. అమ్మకందారుతో వాదన పెట్టుకోకుండా ధన్యవాదాలు చెప్పి వచ్చేశాను. ఈ మోసం ధరకు సంబంధించినది మాత్రమే అనుకోకండి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ప్రతి బోల్ట్‌ను దాని రిసీవర్‌కు సరిపోయేలా చూసి అమర్చేవారు. వేరే రైఫిల్ బోల్ట్ పెట్టినప్పుడు తూటా అడుగు భాగానికీ బోల్ట్ తలకూ మధ్య ఉండవలసిన ఎడం, అంటే హెడ్‌స్పేస్, తప్పిపోవచ్చు. నంబర్లు కలిసినా కలవకపోయినా, కాల్చే ఉద్దేశం ఏ మాత్రం ఉన్నా, తెలిసిన తుపాకి మిస్త్రీ చేత గేజ్‌లతో కొలిపించండి. డీ.పీ. అనే అక్షరాలు ఉంటే అది కవాతు శిక్షణకు మాత్రమే వదిలేసిన రైఫిల్ అని తెలుసుకోండి, ఈ.వై. అని ఉంటే దాన్ని గ్రెనేడ్లు విసరడానికి లేదా అత్యవసరానికి పక్కన పెట్టారని అర్థం. ఈ రెండింటినీ కొనవచ్చు, పేల్చే ఆలోచన వదులుకోవాలి.

చెక్క విషయంలో నాకు కాస్త పట్టుదల ఎక్కువ అని మిత్రులు అంటారు, కానీ విలువ ఎక్కువగా పోయేది అక్కడే. యుద్ధం తరువాత ఈ రైఫిళ్లను చవకగా కొన్నవారు బరువు తగ్గించుకోవడానికి ముందు చెక్కను కోసేసి వేట తుపాకులుగా మార్చుకున్నారు. ఇప్పుడు వాటికి ఎక్కడిదో పాత ఫోర్ఎండ్ తెచ్చి తొడిగి మళ్లీ ‘సైనిక రైఫిల్’గా అమ్ముతున్నారు. ఫోర్ఎండ్ అడుగున నంబరు చూడమన్నది ఇందుకే. ఉప్పు కాగితంతో రుద్దిన చెక్కను గుర్తుపట్టడం సులువు: అసలు చెక్క లోహపు అంచు కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది, రుద్దిన చెక్క లోహం కంటే కిందికి దిగిపోతుంది, ముద్రలు మసకబారతాయి. మడమకు కుడివైపు ఉండే ఇత్తడి బిళ్ల మీద దళం పేరు చెక్కి ఉందని ఎవరైనా ధర పెంచితే, ఆ బిళ్లను పట్టి ఉంచేది ఒకే ఒక్క మర అని గుర్తుచేయండి.

ఫోర్ఎండ్ వెనుక కొసన, బట్ సాకెట్‌ను ఆనుకునే చోట పగులు ఉందేమో తప్పకుండా చూడండి. ఈ రైఫిల్‌లో మడమ చెక్కను బిగించే పొడవాటి బోల్టు (ఇది వేరే మర, తూటాను నెట్టే బోల్ట్ కాదు) ముందు కొస చతురస్రంగా ఉండి ఫోర్ఎండ్‌లోని చిన్న పలకలో ఇరుక్కుని ఉంటుంది. ఫోర్ఎండ్ తీయకుండా వెనుక నుంచి ఆ బోల్టును తిప్పితే ఆ కొస తిరిగి చెక్కను చీల్చేస్తుంది. మీ ముందే అమ్మకందారు పెద్ద స్క్రూడ్రైవర్ తెచ్చి మడమ విప్పి చూపిస్తానంటే చేయి పట్టుకుని ఆపండి.

గొట్టం లోపలి భాగాన్ని చూడటానికి చిన్న లైటు చాలు. ముందుగా మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, ఖాళీగా ఉందని మీరే నిర్ధారించుకోవాలి. లోపల నల్లగా కనిపించినంత మాత్రాన నిరాశపడకండి, ఏళ్ల తరబడి గట్టిపడిన గ్రీజు కింద మెరిసే రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలికల గాడులు) బయటపడటం నేను చూశాను. మూతి దగ్గర మాత్రం జాగ్రత్తగా చూడాలి. సైనికులు మడమలో దాచుకునే తాడుతో గొట్టం శుభ్రం చేసేవారు. ఆ తాడు ఏళ్ల తరబడి ఒకే వైపు ఒరుసుకుని మూతి అంచును కోలగా అరగదీస్తుంది. ఆ అరుగుదల ఉన్న రైఫిల్ గురి కుదరదు, శుభ్రం చేయడం వల్ల అది బాగుపడదు.

ఎక్కడ వెతకాలన్నదానికి నా సమాధానం మీకు నిరుత్సాహంగా అనిపించవచ్చు. వేలం సంస్థలు, ఆయుధ ప్రదర్శనలు, లైసెన్సు ఉన్న పాత తుపాకుల వర్తకులు అందరికీ తెలిసిన దారులే. వేలంలో పాట ఆగిన ధర మీద సంస్థ రుసుము అదనంగా పడుతుంది, వస్తువును ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి, కాబట్టి ముందు రోజు ప్రదర్శనకు వెళ్లి చేత్తో పట్టుకుని చూడలేకపోతే పాడకపోవడం మేలు. మంచి రైఫిళ్లు చాలావరకు సేకర్తల మధ్యే, ప్రకటన లేకుండా చేతులు మారుతాయి. నేను చాలాకాలం వెతికిన ఎల్.ఎస్.ఏ. రైఫిల్ అలాగే దొరికింది. ఆ సంస్థ ఎన్‌ఫీల్డ్, బీ.ఎస్.ఏ.లతో పోలిస్తే తక్కువ సంఖ్యలో తయారుచేసింది గనుక ప్రదర్శనల్లో అరుదుగా కనిపిస్తుంది. నేను ఏం వెతుకుతున్నానో సేకర్తల సంఘంలో అందరికీ తెలిసేలా చెబుతూ రావడం వల్ల, తన సేకరణను తగ్గించుకుంటున్న ఒక పెద్దాయన నుంచి కబురు వచ్చింది. ఆ రైఫిల్ నోజ్ క్యాప్ నంబరు కలవదు, పాత నంబరు మీద ఆర్మరర్ గీత స్పష్టంగా ఉంది. ఆయన దాన్ని దాచకుండా మొదటి ఫొటోలోనే చూపించారు, నేను బేరమాడలేదు.

మీ అమ్మకందారును పైన చెప్పిన ఆరు నంబర్లకు, బట్ సాకెట్‌కు, మూతికి, ఫోర్ఎండ్ వెనుక కొసకు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలు అడగండి. విప్పకుండా కనిపించే భాగాల ఫొటోలకు కూడా వాయిదాలు వేస్తూ కథ మాత్రం పొడిగిస్తుంటే ఆ రైఫిల్‌ను వదిలేయండి, ఎస్.ఎం.ఎల్.ఇ.లు లక్షల సంఖ్యలో తయారయ్యాయి, ఇంకొకటి దొరుకుతుంది. నంబర్లు నిజాయితీగా కలిసి, చెక్క రుద్దకుండా ఉంటే, ఆయన అడిగే ధర కాస్త ఎక్కువైనా ఆలోచించదగినదే.

కొన్నాక దాన్ని కొత్తదానిలా చేయాలనే ఉత్సాహం వస్తుంది, దాన్ని అణుచుకోండి. తిరిగి రంగు వేయించవద్దు, చెక్కను రుద్దవద్దు. మెత్తటి గుడ్డతో పలచగా అవిసె నూనె పట్టించి, మిగిలినది తుడిచేస్తే చెక్కకు అంతే చాలు. పాత తూటాలతో కాల్చే ఉద్దేశం ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ కాలపు తూటాల క్యాప్‌లు పేలినప్పుడు గొట్టంలో ఉప్పు మిగులుతుంది, అది గాలిలోని తేమను పీల్చుకుని త్వరలోనే తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు. అందుకే బ్రిటిష్ సైనికులు గరాటుతో గొట్టంలోకి మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తరువాతే నూనె రాసేవారు. మీరూ అదే పద్ధతి పాటించండి.