ఒకే పసుపు, రెండు ధరలు

వెస్ట్ మాంబళం, చెన్నై

చి.ల.సౌ. అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఉంగరం ఫొటో చూశాను. బాగుంది. అయినా ఫొటోలో బాగుండని పసుపు వజ్రం నేనింతవరకూ చూడలేదు. పెళ్లిరోజు ఇంకా నెలన్నర ఉంది కదా, అడ్వాన్స్ కట్టకుండా ఇది చదువు.

ముప్పై ఏళ్లు ఉస్మాన్ రోడ్డులో నగల షాపు కౌంటర్ వెనక కూర్చున్నాను. ఆ రోజుల్లో రాయి కాస్త పసుపుగా ఉందంటే చాలు, ధర తగ్గించమని పట్టుబట్టేవాళ్లు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, తన ఏడురాళ్ల దుద్దుల్ని ఎవరో అలా అన్నందుకు వాళ్లింటి పేరంటానికే వెళ్లడం మానేసింది. ఇప్పుడేమో పసుపుకే ఎక్కువ డబ్బు అడుగుతున్నారు. రెండూ సబబే.

వజ్రంలో నత్రజని చేరితే అది నీలి కాంతిని పీల్చేస్తుంది, మనకు పసుపు కనిపిస్తుంది. కొద్దిగా కనిపిస్తే లోపమంటారు, నిండుగా ఉంటే రంగంటారు. తెల్ల వజ్రాలకు డి నుంచి జెడ్ దాకా అక్షరాలున్నాయి, డి అంటే అచ్చ తెలుపు, జెడ్‌కొచ్చేసరికి లేత పసుపు. జెడ్ కూడా దాటిన పసుపునే ఫ్యాన్సీ అంటారు. అందులో మళ్లీ ఫ్యాన్సీ లైట్, ఫ్యాన్సీ, ఫ్యాన్సీ ఇంటెన్స్, ఫ్యాన్సీ వివిడ్ అని మెట్లు. ఒక్కో మెట్టుకూ ధర ఎగురుతుంది. అందుకే జెడ్‌కు ఇవతలున్న రాయిని అవతలి ధరకు కొనకూడదు.

నేనే కొన్నాను. పెళ్లయిన కొత్తలో, అప్పటికి ఈ పనిలో చేరలేదు, మీ అత్తయ్యకని వేరే ఊళ్లో ఒక షాపులో. అక్కడి లైట్ల కింద నిమ్మపండులా మెరిసింది. ఇంటికొచ్చాక మీ అత్తయ్య కిటికీ దగ్గర పెట్టి చూసి, "ఇది పసుపా, పసుపు కడిగిన నీళ్లా?" అంది. షాపువాడు అబద్ధమేమీ చెప్పలేదు. రాయి కింద పచ్చ బంగారపు గిన్నె కట్టాడు, ఆ బంగారం రంగు రాయిలోకి ఎక్కింది. ఆ కట్టు మోసం కాదు, అసలైన ఫ్యాన్సీ రాయికీ అలాగే కడతారు. బిల్లు మీద రాసిన ధర మాత్రం ఫ్యాన్సీ రాయిది.

కాబట్టి ముందు విడిరాయి చూపించమను. కట్టేసిన ఉంగరమే ఉందంటే సర్టిఫికెట్ అడుగు. వజ్రాలు పరీక్షించే జీఐఏ సంస్థ రిపోర్టయితే రంగు అన్నచోట "ఫ్యాన్సీ" అన్న మాట ఉండాలి. "వై-జెడ్ రేంజ్" అని ఉంటే అది ఫ్యాన్సీ కాదు. అందంగా ఉంటే కొనుక్కో, కానీ దాని ధరకే. "బ్రౌనిష్ ఎల్లో" లాంటి పేరుంటే చివరి మాట అసలు రంగు, ముందుది అందులో కలిసిన ఛాయ. రంగు రాయంతా సమానంగా పరుచుకుందా అన్నదీ రాస్తారు. అన్నిటికన్నా ముఖ్యం రంగు పుట్టుక: సహజమా, యంత్రంలో పెట్టి తెప్పించిందా? తర్వాత రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరుంటే, రిపోర్టు నంబరుతో కలుస్తోందా అని భూతద్దంలో చూపించమను. సేల్స్ కుర్రాడు "క్యానరీ" అంటే నవ్వి ఊరుకో, అది గ్రేడు కాదు.

ల్యాబ్ గ్రోన్, అంటే ల్యాబ్‌లో తయారుచేసిన వజ్రం సంగతి అడిగావు. అదీ వజ్రమే, గాజు కాదు. పైగా ల్యాబ్‌లో పసుపు తేవడం తేలిక, గాలిలోని నత్రజని దానంతటదే దూరుతుంది. ధర చాలా తక్కువ, రేపు అమ్మబోతే వచ్చేదీ తక్కువే. వేసుకోవడానికే అయితే నేను తప్పుపట్టను.

ఆకారం విషయంలో మాత్రం నా మాట విను. గుండ్రటి కోత వెలుగును బాగా విసురుతుంది, పసుపు పలచబడుతుంది. నలుచదరంగా ఉండే రేడియంట్, కుషన్ కోతలు రంగును లోపల పట్టి ఉంచుతాయి. నీ బడ్జెట్‌కు కుషన్‌లో ఫ్యాన్సీ చాలు, ఇంటెన్స్ కోసం అప్పు చేయకు. క్లారిటీ కోసమూ మరీ పైకి పోవద్దు, కంటికి మచ్చ కనిపించకపోతే సరి. చుట్టూ చిన్న తెల్ల వజ్రాలు పెట్టిస్తే మధ్యది ఇంకా పచ్చగా కనిపిస్తుంది. కొక్కేలు తెల్లవైనా పరవాలేదు, కింది గిన్నె మాత్రం పచ్చ బంగారమే కావాలి.

షాపుకు పొద్దున పదకొండుకల్లా వెళ్లు, శనాదివారాలు వద్దు. ఒక తెల్ల కాగితం తీసుకెళ్లి, గుమ్మం దగ్గర ఎండ నేరుగా పడని చోట దాని మీద రాయి పెట్టి చూడు. బయటికి తేనివ్వకపోతే లేచి వచ్చెయ్. బిల్లులో రాయి బరువు, బంగారం బరువు, మజూరీ విడివిడిగా ఉండాలి. బంగారానికి హెచ్‌యూఐడీ, అంటే హాల్‌మార్క్‌తో వచ్చే అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల నంబరు, తప్పనిసరి. వాపసు తీసుకుంటే ఎంత శాతమిస్తారో నోటిమాట కాదు, బిల్లు మీదే రాయించు.

ఇక అమ్మమ్మ దుద్దులు ఎక్స్‌ఛేంజికి ఇస్తానన్నావు. ఏ షాపుకు తీసుకెళ్లినా "పసుపు కొట్టిందమ్మా" అని సగానికి అడుగుతారు, అదే నోటితో నీకు పసుపు ఉంగరం అమ్ముతారు. గురువారం వాటిని పట్టుకుని ఇంటికి రా. నా పాత భూతద్దం ఇంకా పనిచేస్తోంది.

మీ అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.

మామయ్య