సిలోన్ స్టేషన్ మన ఇంటికెలా వచ్చింది?

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్నగారికి డెబ్భై దాటాయి. ఇప్పటికీ ఎఫ్.ఎం. పెడితే చాలు, "సిలోన్‌లా లేదు" అంటారు. సిలోన్ అంటే శ్రీలంకే కదా! అక్కడి రేడియోలో మన పాటలు ఎందుకు వేశారు? అంత దూరం నుంచి చీరాలలో ఎలా వినిపించింది? ఆ స్టేషన్ ఎవరిది?
– ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: మీ నాన్నగారు ఉత్తినే అనడం లేదమ్మా. నేను 1969లో మా మేనమామ రేడియో షాపులో పనికి చేరాను. సెట్టు బాగుచేశాక పరీక్షించడానికి మామయ్య విజయవాడ స్టేషన్ పెట్టేవాడు కాదు. విజయవాడ దగ్గరే కాబట్టి సగం చెడిపోయిన సెట్టులో కూడా పలుకుతుంది. బ్యాండు స్విచ్చి షార్ట్ వేవ్‌కి తిప్పి, డయల్ మీది ముల్లుని వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ సిలోన్ పట్టేవాడు. అది గరగర లేకుండా పలికితేనే సెట్టు వెనక అట్ట బిగించేవాడు. కొందరైతే "సిలోన్ వస్తే చాలు, మిగతావి రాకపోయినా ఫర్వాలేదు" అని మరీ మరీ చెప్పి వెళ్లేవారు.

ఆ స్టేషన్ కథ మొదలైంది కొలంబో టెలిగ్రాఫ్ ఆఫీసులో. ఎడ్వర్డ్ హార్పర్ అనే ఇంజనీరు, మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ జర్మన్ జలాంతర్గామిలోని వైర్‌లెస్ సామాను తెచ్చి, దానితోనే ట్రాన్స్‌మిటర్ తయారుచేశాడు. ఒక చిన్న గదిలో గ్రామఫోన్ రికార్డులు పెట్టి గాలిలోకి పంపాడు. 1925 డిసెంబరు 16న కొలంబో రేడియో అధికారికంగా మొదలైంది. లండన్‌లో బీబీసీ పుట్టి అప్పటికి మూడేళ్లే అయింది. పాత సామాను ముందేసుకుని కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ హార్పర్ గుర్తొస్తాడు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనలకి అధిపతి అయిన మౌంట్‌బాటెన్ తన సైనిక కేంద్రాన్ని సిలోన్‌కి మార్చాడు. బర్మా వైపు పోరాడే సైనికులకి పాటలూ కబుర్లూ వినిపించడానికి 'రేడియో సీయాక్' (ఆ ఆగ్నేయాసియా సైనిక కేంద్రం ఇంగ్లీషు పేరుకి పొట్టి రూపం) పేరుతో బలమైన షార్ట్ వేవ్ ప్రసారాలు పెట్టారు. యుద్ధం అయ్యాక 1949లో ఆ సరంజామా అంతా సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. అంటే అడవుల్లో ఉన్న సైనికుడి కోసం కట్టిన ట్రాన్స్‌మిటర్ మన వంటింట్లోకి పాటలు మోసుకొచ్చిందన్నమాట.

స్టేషన్ ఎవరిదని అడిగారు. సిలోన్ ప్రభుత్వానిదే. కానీ 1950లో అందులో ఒక కమర్షియల్ విభాగం తెరిచారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ దాన్ని నడిపించాడు. టూత్‌పేస్టు, టీపొడి కంపెనీలు డబ్బిస్తే ఆ డబ్బుతో కార్యక్రమాలు. వినేవాళ్లుంటేనే కంపెనీ డబ్బిస్తుంది, నచ్చిన పాట వేస్తేనే వినేవాళ్లుంటారు. అందుకే అక్కడి అనౌన్సర్లు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పలికేవారు. మన ఆకాశవాణిలో అప్పట్లో ఆ చనువు ఉండేది కాదు.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. సిలోన్‌కి మన శ్రోతల్ని అప్పజెప్పింది మన ప్రభుత్వమే. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తాయని ఆయన గట్టి నమ్మకం. ఆకాశవాణిలో సినిమా పాట దాదాపుగా ఆగిపోయింది. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకున్న ప్రేమని నేను తప్పుపట్టను. కానీ ఒక పాట వద్దని చెప్తే మనిషి ఇంకో పాట వినడు, ముల్లు తిప్పుతాడు. అదే ఏడాది డిసెంబరులో అమీన్ సయానీ అనే అనౌన్సర్ సిలోన్‌లో 'బినాకా గీత్‌మాలా' మొదలుపెట్టారు, బినాకా టూత్‌పేస్టు వాళ్ల డబ్బుతో ప్రతి వారం హిందీ సినిమా పాటల్ని వరసస్థానాలతో వినిపించే కార్యక్రమం అది. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబో వెళ్లేవి, అక్కడి నుంచి గాలిలో తిరిగి మన దేశానికి వచ్చేవి. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకి మా షాపు ముందు సైకిళ్లు ఆగిపోయేవి. హిందీ ముక్క రానివాళ్లు కూడా ఈ వారం మొదటి స్థానం ఏ పాటదో అని పందేలు కాసేవారు. బినాకా పేస్టు డబ్బాలో వచ్చే చిన్న ప్లాస్టిక్ జంతువుల్ని మా చెల్లెలు అగ్గిపెట్టెలో దాచుకునేది.

మీ నాన్నగారు తలుచుకునేది మాత్రం మధ్యాహ్నం వచ్చే తెలుగు పాటలై ఉంటాయి. అవి వినిపించిన అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి పేరు చెప్పి చూడండి, ఆయన ముఖం వెలిగిపోతుంది. పరాయి దేశంలో కూర్చుని ఒకావిడ మన భాషలో మనల్ని పలకరించడం మాకు ఎంత అబ్బురమో ఇప్పుడు చెప్పినా అర్థం కాదు.

ఇక ఎలా వినిపించిందంటారా! మీడియం వేవ్ పగటిపూట నేలని అంటిపెట్టుకుని పోతుంది, కొంత దూరం వెళ్లాక నీరసపడుతుంది. షార్ట్ వేవ్ అలా కాదు. పైకి వెళ్లి, ఆకాశంలో విద్యుత్తు నిండిన అయనావరణం అనే పొరకి తగిలి, బంతిలా కిందికి వస్తుంది. మధ్యలో ఎంత సముద్రం ఉన్నా దానికి లెక్కలేదు. అయితే ఆ పొర ఒక్కచోట నిలకడగా ఉండదు. పగలొక తీరు, రాత్రొక తీరు. అందుకే స్టేషన్ కూడా వేళని బట్టి 25 మీటర్లు, 41 మీటర్లు అంటూ బ్యాండు మార్చేది. పాట మధ్యలో దూరంగా వెళ్లిపోయి, మళ్లీ దగ్గరికి వచ్చేది. చాలామంది సెట్టు చెడిపోయిందనుకుని మా దగ్గరికి తెచ్చేవారు. మామయ్య పైసా తీసుకోకుండా, "సెట్టుకేం కాలేదు, ఆకాశం కదులుతోంది" అని పంపేసేవాడు. డాబా మీద రెండు గెడలు పాతి, పింగాణీ పూసల మధ్య రాగి తీగ లాగి కడితే పాట కాస్త నిలబడేది. ఆ పని మీద నేను ఎక్కని డాబా మా ఊళ్లో లేదు.

తర్వాత మనవాళ్లూ మేలుకున్నారు. 1957 అక్టోబరులో సినిమా పాటలు వినిపించే ఆకాశవాణి విభాగం వివిధ భారతి వచ్చింది. 1967 నవంబరులో బొంబాయి, పుణె, నాగపూర్‌లలో దానికి ప్రకటనలు మొదలై, క్రమంగా మిగతా చోట్లకీ వచ్చాయి. మన తెలుగు సినిమా పాటల కార్యక్రమం 'జనరంజని' వచ్చాక, పక్క ఊరి నుంచి శుభ్రంగా వినిపించే పాటని వదిలి గరగరల్లో వెతికే ఓపిక తగ్గింది. రేడియో సిలోన్ కూడా పేరు మార్చుకుని 1972లో శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది. 1989లో గీత్‌మాలా కూడా వివిధ భారతికి వచ్చేసింది.

ప్రశ్న: మా తాతగారి వాల్వు రేడియో అటక మీద దొరికింది. నాబు తిప్పితే ముల్లు కదలడం లేదు. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వినుకొండ

జవాబు: ముల్లు సంగతి తర్వాత బాబూ, ముందు దాని ప్లగ్గు కరెంటులో పెట్టకండి. ఏళ్ల తరబడి మూలపడిన సెట్టులో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. నేరుగా కరెంటిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. పాత మెకానిక్ ఎవరైనా ఉంటే సిరీస్ బల్బు, అంటే సెట్టుకి వెళ్లే కరెంటు దారిలో ఒక బల్బు, పెట్టి చూడమనండి. బల్బు వెలుగు తగ్గకుండా భగ్గుమంటూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. వెలుగు తగ్గితే ఒక అర నిమిషం ఆగండి, వాల్వులు వేడెక్కాకే మాట వస్తుంది.

ముల్లు కదలకపోవడానికి చాలాసార్లు కారణం నాబునీ ముల్లునీ కలిపే డయల్ తాడు తెగడమే. ఆ పని మీరే చేసుకోవచ్చు, ప్లగ్గు మాత్రం తీసి ఉంచండి. పాత తాడు ముక్క పారేయకండి. పెద్ద చక్రం మీద ఎన్ని చుట్లున్నాయో, స్ప్రింగు ఏ కొక్కేనికి తగిలించి ఉందో ముందుగా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఒక్క చుట్టు ఎదురు తిరిగిందంటే ముల్లు మీరు తిప్పినవైపు కాకుండా రెండోవైపు పోతుంది.