ఎండ వేడి చల్లారాకే మూత పెట్టు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఈ ఉగాది మొదలు మళ్ళీ ఉగాది దాకా ఏ కాలంలో కాసింది ఆ కాలంలోనే వండుకుంటావట. కోల్డ్ స్టోరేజీ కూరలు, సంచుల్లో గడ్డకట్టిన బఠాణీలు గుమ్మం దాటి రానివ్వనని పంతం పట్టావని మీ అమ్మ చెప్పింది. విని నాకెంత సంతోషం వేసిందో అంత గుబులూ పుట్టింది. సంతోషం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. గుబులు ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

మార్గశిరం నుంచి మాఘం దాకా నీకు ఎవరి సలహా అక్కర్లేదు. చిక్కుడు, వంకాయ, టమాటా, ముల్లంగి, పచ్చి కందికాయ, అనపగింజలు, పాలకూర, ఏది పట్టుకున్నా రుచే. వేసవిలో మామిడికాయ, మునక్కాడ, పనసపొట్టు, చింతచిగురు ఉంటాయి. రైతు బజారులో రోజూ బోర్డు మీద ధరలు రాస్తారు కదా, అది చూస్తూ ఉండు. ఏ కూర ధర వారం వారం దిగుతోందో దానికి కాలం వచ్చినట్టు. దిగడం ఆగి మళ్ళీ ఎక్కుతోందంటే కాపు అయిపోవస్తోంది, దాచుకోవలసింది ఉంటే ఈలోపే తెచ్చుకోవాలి.

చిక్కంతా ఆషాఢంలో వస్తుంది. వేసవి పాదులు ఎండిపోయి ఉంటాయి, తొలకరికి వేసిన విత్తనం ఇంకా మొలక మీదే ఉంటుంది. ఆకుకూరలు వస్తాయి గానీ వాటి నిండా మట్టి, పురుగు. బోడకాకర, వాక్కాయ, గోంగూర బాగుంటాయి, కానీ వాటితోనే రెండు నెలలు నెట్టుకురాలేవు. పంతం పట్టిన వాళ్ళు దానికి నీళ్ళు వదులుకునేది అక్కడే. పూర్వం మన ఇళ్ళల్లో ఆ రెండు నెలల వంట చైత్ర వైశాఖాల్లోనే సగం అయిపోయేది. ఒరుగులు, అంటే ఎండబెట్టి దాచుకున్న కూరముక్కలు, వడియాలు, చల్లమిరపకాయలు ఉన్నది అందుకే. అవి పప్పుచారు పక్కన నంజుకోవడానికి మాత్రమే అనుకుంటున్నావేమో, కాదు. వానాకాలపు కూరగాయలవి. ఈ వేసవిలో నువ్వు ఏం ఎండబెట్టుకుంటావన్న దాన్ని బట్టే నీ ఏడాది నిలుస్తుంది.

మొదటి ఏడే అన్నీ పెట్టేయాలని చూడకు. మామిడి ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు, చల్లమిరపకాయలు, ఈ మూడూ చాలు.

మామిడికి టెంక కట్టి, కోస్తే లోపల తెల్లగా ఉన్న పుల్లటి కాయ కావాలి. లోపల పసుపు తిరిగిందంటే తీపి దిగినట్టే, ఆ ముక్క ఎన్నాళ్ళు ఎండినా తోలులా వంగుతుందే గానీ విరగదు. కాయ కడిగి, పొడిబట్టతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే చెక్కు తియ్యి. అర సెంటీమీటరు మందాన తరుగు. అంతకన్నా మందమైతే ఎండ దెబ్బకి పైపొర గట్టిపడిపోయి లోపలి తడి బయటకి రాలేదు. పైకి ఎండినట్టే ఉంటుంది, పంటి కింద పెడితే గానీ తెలియదు. కిలో ముక్కలకి 50 గ్రాముల రాళ్ళ ఉప్పు దంచి, అర చెంచా పసుపుతో కలిపి రాత్రంతా జాడీలో ఉంచు. పొద్దున్నే ముక్కలు పిండి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచు. ఆ ఊట పారబొయ్యకు, ఆ పూట పప్పులోకి పనికొస్తుంది.

గోరుచిక్కుడు లేతది తీసుకో. ఈనెలు తీసి, ఉప్పు వేసి మరిగించిన నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉడకనిచ్చి వార్చు. పచ్చిగా ఎండబెడితే రంగు పోయి గడ్డి వాసన వస్తుంది. ఒక్క పొంగు చూపిస్తే ఆకుపచ్చ నిలుస్తుంది, ఎండడమూ త్వరగా ఎండుతుంది. కాకరకాయకీ ఇదే పద్ధతి, నీళ్ళకి బదులు ఉప్పు కలిపిన పుల్లటి మజ్జిగ.

చల్లమిరపకి కిలో కాయలు, చిక్కటి పుల్ల మజ్జిగ లీటరు, ఉప్పు 100 గ్రాములు. తొడిమ ఉంచి నిలువునా ఒక గాటు పెట్టు. రాత్రి మజ్జిగలో, పగలు ఎండలో. సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలోకి. మజ్జిగంతా కాయలే పీల్చేశాక ఇంకో మూడు నాలుగు రోజుల ఎండ. గాటు పెట్టని కాయ ఒక్కటి కూడా పోనివ్వకు. పై తొక్క గలగలమంటున్నా గింజల చుట్టూ తడి అలాగే ఉండిపోతుంది. అందుకే డబ్బాకి ఎత్తే ముందు నాలుగు కాయలు చీల్చి లోపల చూడాలి.

గుమ్మడి వడియాల మాట వచ్చే మాఘంలో చూద్దాం. బూడిద దట్టంగా పట్టిన ముదురు గుమ్మడికాయ మాత్రం దొరికితే ఇప్పుడే కొని ఒక మూల పెట్టుకో. కొయ్యనంత కాలం అది నెలల తరబడి చెడదు, వానల్లో ఒక పులుసుకి ఆదుకుంటుంది.

ఇంతవరకూ చెప్పిందంతా నీకు ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పనిది, చెప్పినా తప్పుగా చెప్పేది ఒకటుంది. మన ఇళ్ళల్లో తరాల నుంచీ జరుగుతున్న పొరపాటు అది.

నాలుగో రోజో ఐదో రోజో సాయంత్రం ఒరుగులు పెళపెళలాడుతుంటాయి. చేత్తో తీస్తే వేడిగా, తేలిగ్గా ఉంటాయి. వెంటనే స్టీలు డబ్బాలోకి ఎత్తి మూత బిగించేస్తారు. "ఎండ మీదుండగానే ఎత్తెయ్యి, చల్లారితే మెత్తబడతాయి" అని పెద్దవాళ్ళే చెప్తారు. అది సగమే నిజం. రాత్రంతా బయట వదిలేస్తే మెత్తబడే మాట నిజమే. కానీ వేడి మీద మూత పెడితే జరిగేది అంతకన్నా చెడ్డది. ఎంత ఎండిన ముక్కలోనైనా కాస్త చెమ్మ మిగిలే ఉంటుంది. వేడిగా ఉన్నంతసేపూ అది ఆవిరిగా బయటికి వస్తూనే ఉంటుంది. రాత్రికి డబ్బా చల్లబడగానే ఆ ఆవిరి మూత లోపల నీటి చుక్కలుగా పేరుకుంటుంది. ఆ చుక్కలు పైవరస ముక్కల మీద పడతాయి. మొత్తం డబ్బాలో చెమ్మ కొంచెమే కావచ్చు, కానీ అదంతా వచ్చి నాలుగు ముక్కల మీద చేరుతుంది. ఆ నాలుగింటికి బూజు పడితే చాలు. స్టీలు డబ్బా కావడంతో నీకేమీ కనపడదు. ఉప్పు వేశాం కదా, ఎండబెట్టాం కదా అన్న ధైర్యంతో నెల దాకా మూత తియ్యవు.

తీసేసరికి తెల్లటి నూగే కనపడాలని లేదు. ముందు ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి. గలగల పోయి, కదిపితే మెత్తగా చప్పుడవుతుంది. మూత తియ్యగానే మూసి ఉంచిన గది వాసన వస్తుంది. బూడిద రంగో ఆకుపచ్చో దుమ్ములా కనిపించేది ఆ తర్వాత.

అప్పుడు రెండో పొరపాటు జరుగుతుంది, నాకు అన్నిటికన్నా భయం దీనికే. కష్టపడి పెట్టుకున్నవి కదా, పారెయ్యడానికి చేతులు రావు. పైన దులిపి, బాగున్నవి ఏరి, మళ్ళీ రెండు ఎండలు చూపించి, నూనెలో వేయించుకుంటే ఏమీ కాదులే అనుకుంటారు. అమ్మలూ, ఈ ఒక్కటీ నా మాట విను. పైకి కనిపించేది బూజులో కొంత మాత్రమే, దాని పోగులు ముక్క లోపలికి పాకి ఉంటాయి. మిరపకాయల్లో, వేరుశనగల్లో పట్టే కొన్ని రకాల బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా ఉడకబెట్టినా మామూలు వంట వేడికి అది పూర్తిగా పోదు. అన్ని బూజులూ అలాంటివి కావు. ఏది అలాంటిదో మాత్రం కంటికి తెలియదు. అందుకని బూజు పట్టిన డబ్బా డబ్బా మొత్తం పారెయ్యాల్సిందే. ఏరడం, దులపడం వద్దు. పది రోజుల శ్రమ పోయిందని ఏడుపొస్తే ఏడువు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకుందాం.

ఇలా కాకుండా ఉండాలంటే చెయ్యవలసింది కష్టమైన పనేం కాదు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య, ఎండ ఇంకా గట్టిగా ఉండగానే ముక్కలు లోపలికి తెచ్చి, పొడి బట్ట మీద పల్చగా పరిచి అరగంట ఉంచు. చేతికి వెచ్చదనం తగలకూడదు. అంతకుమించి ఉంచకు, నువ్వున్నది విశాఖపట్నంలో, పొద్దు వాలాక సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ. అప్పుడు బాగా మందంగా ఉన్న ముక్క ఏరి విరిచి చూడు. పటుక్కున విరగాలి. వంగిందా, రేపు ఇంకో ఎండ కావాలి. పల్చటి ముక్క విరిచి చూసి మురిసిపోవద్దు, డబ్బాని పాడుచేసేది మందపు ముక్కే. మీ అమ్మమ్మ చాటలో వేసి ఎగరేసి చప్పుడు వినేది. ఎండితే గవ్వలు గలగలలాడినట్టు వినిపించాలి. ఆ చెవి నీకూ వస్తుంది.

విరిగాక నేరుగా స్టీలు డబ్బాలో పొయ్యకు. మొదటి వారం గాజు సీసాలో, ముప్పాతిక వంతే నింపి మూత పెట్టు. రోజుకొకసారి బాగా కుదిపి, సీసా లోపలి గోడలూ మూత అడుగూ చూడు. కొన్ని ముక్కలు బాగా ఎండి, కొన్ని కాస్త తక్కువ ఎండి ఉంటాయి కదా, ఈ వారంలో వాటి చెమ్మ అన్నిటికీ సర్దుకుంటుంది. గాజు మీద ఆవిరి పట్టినా, ముక్కలు అంటుకున్నా వెంటనే మళ్ళీ ఎండలో పొయ్యి. బూజు పట్టకముందు అయితే ఏమీ నష్టం లేదు. వారమంతా గాజు పొడిగా ఉంటేనే అవి నిలవకి తయారైనట్టు.

తర్వాత చిన్న చిన్న సీసాల్లోకి మార్చు. ఒక్కొక్కటి పది రోజుల్లో అయిపోయేంత చాలు. వానాకాలంలో పెద్ద డబ్బా రోజూ తీస్తుంటే రోజూ కాస్త తడిగాలి లోపలికి పోతుంది. ఉప్పు కలిసిన ముక్క ఆ తడిని ఇంకా తొందరగా పీలుస్తుంది. తడి చెంచా పెడితే చెప్పనే అక్కర్లేదు. సీసా మీద ఎండబెట్టిన నెల రాసుకో, కార్తీకం లోపల అన్నీ వాడెయ్యి.

ఎండబెట్టే మిషన్ కొందామనుకుంటున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. కొను, నేనేం వద్దనను. సముద్రం ఒడ్డున మబ్బు పట్టిన రోజుల్లో అది నిజంగా పనికొస్తుంది. 55 నుంచి 60 డిగ్రీల మధ్య పెట్టు. త్వరగా అవ్వాలని వేడి పెంచితే పైపొర బిగిసిపోతుంది. మిషన్‌లో ఎండినా చల్లార్చడం, గాజు సీసా వారం తప్పవు.

వండేటప్పుడు ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. మామిడి ఒరుగులు గుప్పెడు తీసి వేడినీళ్ళలో అరగంట నాననిచ్చి, కందిపప్పు మెత్తగా ఉడికాకే వెయ్యాలి. ముందే వేస్తే పులుపుకి పప్పు బద్దగా ఉండిపోయి ఎన్ని విజిల్స్ వచ్చినా మెదగదు. ఉప్పు కూడా చివర రుచి చూసి వేసుకో, ఒరుగులో ఉప్పు ఉంటుంది. గోరుచిక్కుడు ఒరుగులు నానబెట్టి, ఉల్లిపాయ, కొబ్బరికారం వేసి వేయిస్తే ఆషాఢంలో అసలైన కూర అదే. చల్లమిరపకాయలు సన్నటి సెగ మీద నల్లబడేదాకా కాకుండా ముదురు గోధుమ రంగు దాకానే వేయించు.

పొద్దున్న ఏడింటి లోపల డాబా మీద అన్నీ పరిచి దిగిపో, పల్చటి తెల్లబట్ట కప్పి నాలుగు అంచులకీ బరువులు పెట్టు. కాకులు వస్తాయేమోనని వైశాఖపు ఎండలో నువ్వు అక్కడ కాపలా కూర్చుంటావని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ నీ తత్వం అంతే. కూర్చోకు. ముక్కలు తిరగెయ్యాలంటే మధ్యాహ్నం ఒక్కసారి వెళ్ళి, నెత్తిన తుండు కప్పుకుని పది నిమిషాల్లో దిగి రా, మజ్జిగ తాగు. ఒరుగులకి ఎండ కావాలి గానీ నీకు కాదు.

మామిడి ధర బోర్డు మీద దిగడం మొదలైన వారమే మొదలుపెట్టు, మొదటిసారికి రెండు కిలోల కాయలే తీసుకో. మొదటి సీసా వారం దాటాక మూత అడుగు ఫోటో తీసి నాకు పంపు, చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ