అమెరికా వెళ్తున్న మా వైజాగ్ పిల్లలకి, ఇండెక్స్ ఫండ్ ఖర్చుల గురించి

నేను న్యూజెర్సీ వెళ్లి 19 ఏళ్లయింది, ఈ డిసెంబరు సెలవలకి వైజాగ్ వచ్చాను. వచ్చిన రెండో రోజే మా అన్నయ్య కొడుకు గాజువాక నుంచి బండేసుకుని వచ్చేశాడు, ఫిబ్రవరిలో హెచ్‌వన్ మీద డల్లాస్ వెళ్తున్నాడు. ఆవకాయ ఎలా ప్యాక్ చెయ్యాలి, స్వెట్టర్లు ఎన్ని తీసుకెళ్లాలి అని అడుగుతాడేమో అనుకుంటే "అత్తా, ఆఫీసు వాళ్లు 401కే అని ఓ లింకు పంపేరు, అందులో ఇండెక్స్ ఫండ్ అని ఉంది, అదేటి, అందులో డబ్బులెయ్యొచ్చా" అన్నాడు. 401కే అంటే అక్కడ ఉద్యోగం ద్వారా రిటైర్‌మెంట్ కోసం దాచుకునే ఖాతా. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. నేను వెళ్లిన కొత్తల్లో ఈ ప్రశ్న ఒకటి అడగాలని కూడా తెలీదు నాకు, అడక్కపోవడం వల్ల పోగొట్టుకున్న డబ్బులు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. వాడికి చెప్పిందే మీకూ రాస్తున్నాను, మన ఊరి నుంచి ఈ ఏడాది వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు కదా.

ముందు సంగతేంటో చెప్తాను. అమెరికాలో ఎస్ అండ్ పీ 500 అని ఓ పట్టిక ఉంటుంది, అక్కడి పెద్ద పెద్ద కంపెనీలు ఒక 500 అందులో ఉంటాయి, మన నిఫ్టీ 50 లాంటిదే అనుకోండి. కంపెనీ ఎంత పెద్దదో పట్టికలో దానికంత వాటా. ఇండెక్స్ ఫండ్ వాళ్లు మనలాంటి వాళ్లందరి డబ్బు కలిపి, ఆ పట్టిక ముందు పెట్టుకుని అదే లెక్కన షేర్లన్నీ కొనేసి ఊరుకుంటారు. ఏది లేస్తుంది ఏది పడుతుంది అని బుర్ర బద్దలు కొట్టుకునే మేనేజరూ అక్కర్లేదు, అతని కింద పదిమంది ఎనలిస్టులూ అక్కర్లేదు, అందుకే అది చవక. 1976లో జాన్ బోగుల్ అనే ఆయన వాన్‌గార్డ్ కంపెనీ తరఫున మామూలు జనం కోసం ఇలాంటి ఫండ్ పెడితే, 15 కోట్ల డాలర్లు వస్తాయనుకున్న చోట కోటీ చిల్లరే వచ్చింది, "బోగుల్ పిచ్చి" అని పేరు కూడా పెట్టేరు. ఈరోజు అదే కంపెనీ చూసుకునే జనం సొమ్ము లక్షల కోట్ల డాలర్లలో ఉంది.

సరే ఖర్చు సంగతి. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు, మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లోనే పెరిగాం. నాన్న నెలనెలా చిట్టీ కట్టేవారు, పాట పాడుకొచ్చిన రోజు రాత్రి భోజనాలయ్యాక క్యాలెండర్ కాగితం తిప్పి దాని వెనక లెక్క రాసి అమ్మకి చూపించేవారు. పాటలో ఎంత పోయింది, కంపెనీ కమీషన్ ఎంత, చేతికెంత వచ్చింది అని. లక్ష రూపాయల చిట్టీకి కమీషన్ 5 వేలు, అప్పట్లో చట్టం ప్రకారం 5 శాతం దాటకూడదు, 2019లో చట్టం మార్చి దాన్ని 7 చేశారు. ఆ కోత కళ్లకి కనపడేది, అమ్మ కూడా "అంత తీసుకుంటారా" అని ప్రతిసారీ అడిగేది.

ఫండ్‌లో కోత అలా కనపడదు. దాని పేరు ఎక్స్‌పెన్స్ రేషియో, ఏడాదికి ఇంత శాతం అని కాగితాల్లో రాసుంటుంది, కానీ ఎవరూ మీకు బిల్లు పంపరు, మీ ఖాతాలో ఇంత తీసుకున్నాం అని ఎక్కడా లైను రాదు. రోజూ సాయంత్రం యూనిట్ (ఫండ్‌లో మన వాటా) ధర కట్టేటప్పుడే పిసరంత తీసేసుకుని మిగిలిన ధర మీకు చూపిస్తారు. మార్కెట్ లేచినా తీసుకుంటారు పడినా తీసుకుంటారు, 2008లో ఎస్ అండ్ పీ 37 శాతం పడిపోయిన ఏడాది కూడా ఈ ఫండ్ల ఫీజు ఆగలేదు.

మావాడు "ఒక్క శాతమే కదత్తా" అన్నాడు. అందరూ అక్కడే బోల్తా పడతారు. అప్పటికప్పుడు ఫోన్‌లో కాల్క్యులేటర్ తీయించి లెక్క కట్టించాను. పదివేల డాలర్లు ఒకేసారి వేసి 30 ఏళ్లు ముట్టుకోలేదనుకుందాం, ఫీజు తియ్యకముందు ఏడాదికి 7 శాతం పెరుగుతుందనుకుందాం (పెరుగుతుందని ఎవరూ రాసివ్వరు, లెక్క కోసం అంతే). ఫీజు 0.03 శాతమైతే చివరికి సుమారు 75,500 డాలర్లు అవుతుంది. ఫీజు 1 శాతమైతే 57,400. మధ్యలో 18 వేల డాలర్లు ఎటుపోయాయి? మీరు వేసిందే పదివేలు, దానికి దాదాపు రెండింతలు ఫీజుకి, ఆ ఫీజు పోకుండా ఉంటే దాని మీద పెరగాల్సిన పెరుగుదలకి పోయింది. మావాడు రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు లెక్క తప్పేమో అని.

మార్కెట్ వచ్చే ఏడాది ఎంతిస్తుందో దేవుడికి తెలియాలి, ఫీజు ఎంతో మాత్రం కొనకముందే మనకి తెలుస్తుంది. వాన్‌గార్డ్ వాళ్ల వీఓఓ అనే ఫండ్ ఆ ఎస్ అండ్ పీ 500దే, ఫీజు 0.03 శాతమే, అంటే పదివేల డాలర్లకి ఏడాదికి 3 డాలర్లు. ఎస్‌పీవై అని చాలా పాత ఫండుంది, అదీ ఆ 500 కంపెనీలే, ఫీజు మాత్రం 0.0945 శాతం. పట్టిక ఒకటే, షేర్లు అవే, మూడింతల తేడా. ఇంకా దారుణం ఏంటంటే అదే పట్టిక పట్టుకుని అర శాతం ఆపైన తీసుకునే ఫండ్లు కూడా ఉన్నాయి, పేరులో ఇండెక్స్ అని చూసి చవకే అనుకుని కొనేస్తాం.

ఇప్పుడు నా కథ. వెళ్లిన రెండో ఏడు, గుళ్లో పరిచయమైన ఒకాయన, మన తెలుగాయనే, అమ్మా మీరు దాచుకోవడం మొదలెట్టాలి అని ఎంతో ఆప్యాయంగా ఇంటికొచ్చి ఫారాలు నింపించాడు. నేను 5 వేల డాలర్ల చెక్కు రాసిచ్చాను. నెల తిరిగాక స్టేట్‌మెంట్ వస్తే అందులో పెట్టుబడి 4,712 డాలర్ల 50 సెంట్లు అని ఉంది. మార్కెట్ పడిందేమో అనుకున్నాను. కాదు, ఫ్రంట్ లోడ్ అంట, 5.75 శాతం, నా డబ్బు ఒక్క షేరు కొనకముందే 287 డాలర్లన్నర అమ్మినవాళ్లకి వెళ్లిపోయింది. ఆపైన ఏడాదికి 1 శాతం పైన ఫీజు, అది తెలుసుకోడానికి నాకు ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆయన అబద్ధం ఆడలేదు, నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది అదంతా. అందుకే చెప్తున్నాను, అమ్మేవాణ్ణి మొహమాటం లేకుండా మూడు ముక్కలు అడగండి, కొనేటప్పుడు ఎంత కోస్తారు, ఏడాదికి ఎంత, నేను బయటకొస్తే ఎంత.

ఇంకోటి, ఇది మనవాళ్లలో బాగా తిరుగుతోంది. పుట్టినరోజు పార్టీల్లోనో పాట్‌లక్‌లోనో ఎవరో ఒకరు ఇండెక్స్‌డ్ యూనివర్సల్ లైఫ్ అని చెప్తారు, మార్కెట్ పెరిగితే పెరుగుతుంది పడితే పడదు అంటారు. అది ఇండెక్స్ ఫండ్ కాదు, అది ఇన్సూరెన్స్ పాలసీ. మీరు కట్టే డబ్బులోంచి కమీషను, ఇన్సూరెన్స్ ఖర్చు, పాలసీ చార్జీలు పోతాయి, మార్కెట్ ఎంత పెరిగినా మీకిచ్చేదానికి సాధారణంగా పైన ఒక హద్దు పెడతారు, డివిడెండ్లు లెక్కలోకి రావు, మధ్యలో మానేస్తే సరెండర్ చార్జీ. హెచ్‌వన్ మీద రేపెక్కడుంటామో తెలియని వాళ్లకి అది సరిపడదని నా గట్టి అభిప్రాయం. పిల్లలుంటే ఉత్త టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చేది) తీసుకోండి, పెట్టుబడి విడిగా పెట్టండి.

401కే సంగతికొస్తే, కంపెనీ మ్యాచ్ (మీరు కట్టేదానికి తోడు కంపెనీ వేసే డబ్బు) ఇస్తుంటే అదెంత వరకు ఇస్తారో అంతవరకూ తప్పకుండా కట్టండి, కానీ మ్యాచ్ మొత్తం మీ సొంతం అవడానికి కొన్ని కంపెనీల్లో కొన్నేళ్లు పడుతుంది, దాన్ని వెస్టింగ్ అంటారు, ఉద్యోగం మారేముందు అది చూసుకోండి. మీరేమీ ఎంచుకోకపోతే చాలాచోట్ల టార్గెట్ డేట్ ఫండ్‌లో (మీరు రిటైరయ్యే ఏడుని బట్టి నడిపే ఫండ్) పడేస్తారు, అది చెడ్డదని కాదు, కొన్ని కంపెనీలది చవగ్గా ఉంటుంది, కొన్నిటిది ఉండదు. లిస్టు తెరిచి ఎక్స్‌పెన్స్ రేషియో ఉన్న వరుస చూడండి. రిటైర్‌మెంట్ ఖాతా కాబట్టి 59న్నర ఏళ్ల లోపు తీస్తే మామూలుగా టాక్స్ కాక 10 శాతం పెనాల్టీ ఉంటుంది, ఇల్లు కొనడానికి రెండేళ్లలో కావాల్సిన డబ్బు అందులో వెయ్యకండి.

అసలు అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇక్కడ వైజాగ్‌లోనే ఉంది, ఎవరూ చెప్పరు. మావాడికి ఇక్కడ నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో మూడేళ్ల నుంచి సిప్ (నెలనెలా కట్టేది) నడుస్తోంది, ఏజెంటు లేని డైరెక్ట్ ప్లానే, ఫీజు తక్కువే, బుద్ధిగా చేశాడు. కానీ అమెరికా టాక్స్ లెక్కలో రెసిడెంట్ అయ్యాక (హెచ్‌వన్ వాళ్లు అక్కడున్న రోజుల లెక్కన అవుతారు, స్టూడెంట్లకి మామూలుగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు ఆ లెక్క ఉండదు) మన మ్యూచువల్ ఫండ్లని వాళ్లు పీఫిక్ అనే కోవలో, అంటే విదేశీ పెట్టుబడి కంపెనీల కోవలో, వేస్తారు. ఒక్కో ఫండ్‌కి విడివిడిగా ఫారం 8621 అనే టాక్స్ ఫారం నింపాలి, మామూలు పద్ధతిలో అయితే లాభాన్ని పాత ఏళ్ల మీదకి పంచి, ఆయా ఏళ్ల గరిష్ఠ రేటు వేసి, దానిపైన వడ్డీ కూడా వేస్తారు. చిన్న మొత్తాలకి ఫారం విషయంలో కొంత మినహాయింపు ఉంది కానీ దాన్ని నమ్ముకుని సిప్ నడుపుతూ పోతే మొత్తం పెరుగుతుంది కదా. 0.2 శాతం ఫీజు ఉన్న ఫండ్ ఇలా చాలా ఖరీదైన ఫండ్ అయిపోతుంది. వెళ్లకముందే సిప్ ఆపేసి, యూనిట్లు ఇక్కడే అమ్మేసుకుని వెళ్లమన్నాను, ఇక్కడి టాక్స్ ఇక్కడ కట్టేసుకోవచ్చు. లక్షల్లో ఉంటే మాత్రం రెండు దేశాల లెక్కా తెలిసిన ఆడిటర్‌తో ఓసారి కూర్చోండి, ఆయన ఫీజు దండగ కాదు.

ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓ (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతా) కింద మార్చుకోవడం మర్చిపోకండి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు ఇవ్వాలి, అది టాక్స్ కాదు, చెప్పడం మాత్రమే, కానీ చెప్పకపోతే పెనాల్టీ గట్టిది.

మా వదిన మధ్యలో టీ పట్టుకొచ్చి "తిరిగొచ్చేస్తే ఆ డబ్బులేటవుతాయి" అని అడిగింది, మంచి ప్రశ్న. డబ్బు ఎక్కడికీ పోదు, ఖాతా అలా ఉంటుంది, బ్రోకర్ని బట్టి ఇండియా అడ్రసుతో కొన్ని ఇబ్బందులు రావచ్చు. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి, అక్కడి సిటిజన్ కాకుండా శాశ్వతంగా ఇక్కడికి వచ్చేశాక మనిషికేమైనా అయితే, అతని పేరుమీద ఉన్న అమెరికా షేర్లు, ఫండ్లు 60 వేల డాలర్లు దాటితే పైదాని మీద అమెరికా ఎస్టేట్ టాక్స్ (పోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను) పడుతుంది, 40 శాతం దాకా వెళ్తుంది. వచ్చేసే ఏడాది దీని గురించి ఆలోచించుకోవాలి. బెనిఫిషియరీ (మన తర్వాత ఆ డబ్బు ఎవరికి వెళ్లాలో వాళ్లు) పేరు మాత్రం మొదటి రోజే రాయండి, నా స్నేహితురాలి ఇంట్లో అది రాయక ఏడాదిన్నర తిరిగారు.

నిన్న మావాడు ద్వారకానగర్ బ్యాంకుకి వెళ్లి ఎన్ఆర్ఓ ఫారాలు తెచ్చుకున్నాడు, సిప్ ఆపేసిన మెసేజి నాకు ఫార్వర్డ్ చేశాడు. డల్లాస్‌లో మొదటి జీతం పడ్డాక ఆ 401కే ఫండ్ల లిస్టు ఫొటో తీసి పంపమన్నాను, ఫీజు ఉన్న వరుస కనపడేలా తియ్యమన్నాను.