సమాధానం: రెటీనా నాళాలు సన్నబడితే నడక మానాలా?

మీ నాన్నగారికి బీపీ, షుగరు ఉన్నాయనీ, నెల్లూరులో చేసిన కంటి పరీక్షలో రెటీనాలోని (కంటి లోపల వెనుకవైపు వెలుగును గ్రహించే పొరలోని) చిన్న ధమనులు సన్నబడ్డాయని తేలిందనీ, కంటికి శ్రమ అవుతుందన్న భయంతో ఆయన ఉదయపు నడక మానేశారనీ రాశారు. దయచేసి మళ్లీ నడిపించండి.

కోత లేకుండా సన్నని రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు రెటీనా. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అక్కడి ధమనులు ముడుచుకుంటాయి. వ్యాయామం దీనికి ఎదురు పనిచేస్తుంది: చురుగ్గా నడిచినప్పుడు వేగంగా పారే రక్తం నాళాల లోపలి పొరను ఒరుసుకుంటుంది, ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది, దానితో నాళం సడలుతుంది. దేహదారుఢ్యం బాగున్నవారిలో రెటీనా ధమనులు కొంత వెడల్పుగా ఉంటాయని స్విట్జర్లాండ్‌లోని బాజెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కూడా గమనించారు. అంతమాత్రాన మందులు ఆపకూడదు.

ఒక్క విషయం మాత్రం డాక్టరుగారిని తప్పక అడగండి: షుగరు వల్ల రెటీనాపై కొత్త నాళాలు మొలిచాయా? అవి పెళుసుగా ఉండి తేలిగ్గా రక్తం కారుస్తాయి. అలాగైతే చికిత్స అయ్యేవరకు ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, శీర్షాసనం వద్దు. నడక సంగతి కూడా డాక్టరుగారు చెప్పినట్టే.

కొత్త నాళాలు లేకపోతే వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు. మన వేసవిలో ఎండ రాకముందే ముగించాలి. కంటి ముందు హఠాత్తుగా నల్ల చుక్కలు తేలినా, తెర పడినట్టనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.